సీజన్ అయ్యాక ఆరు నెలలు: 800, 1500 మీటర్లు పరిగెత్తే హైస్కూల్ పిల్లలు ఏం చేయాలి, ఎలా చేయాలి

జోనల్ అయిపోయింది, జిల్లా పోటీలూ అయిపోయాయి. స్టేట్‌కి వెళ్లినవాళ్లు వెళ్లారు, మిగిలినవాళ్లు స్పైక్స్ (అడుగున ముళ్లుండే ట్రాక్ బూట్లు) బ్యాగులో పడేసి ఇంటికొచ్చారు. బెంగళూరులో చాలా స్కూళ్లకు నవంబర్ చివరికల్లా అథ్లెటిక్స్ ఆగిపోతుంది. మళ్లీ పోటీలంటే జూలై, ఆగస్టే. ఈ మధ్యలో ఏం చేయాలని మారతహళ్లి నుంచి, కేఆర్ పురం నుంచి, హెచ్ఎస్ఆర్ నుంచి మన తెలుగు పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ ప్రతి డిసెంబర్‌లోనూ అడుగుతారు. అడిగే తీరు కూడా ఒకటే: "రోజుకి 400లు ఎన్ని కొట్టాలి?"

జూన్ దాకా ఈ 400 మీటర్ల వేగపు పరుగులు ఒక్కటి కూడా వద్దు. ఈ ఆరు నెలల పని నెమ్మదిగా పరిగెత్తడం, కాళ్లకు బలం పెంచుకోవడం, గాయం లేకుండా జూన్‌కి చేరడం. 800 మీటర్ల పరుగులో సగానికి పైగా శక్తి ఊపిరితో తీసుకునే ఆక్సిజన్ మీద ఆధారపడి వచ్చేదే. 1500లో అది దాదాపు 80 శాతం. ఆ సామర్థ్యం పెరగడానికి నెలలు పడుతుంది. 400ల మీద వచ్చే పదును మాత్రం ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వచ్చేస్తుంది, అంతే తొందరగా పోతుంది కూడా. డిసెంబర్‌లో పదును పెట్టుకుంటే ఆగస్టుకి అది మిగలదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 800 గెలిచి, 1964 టోక్యోలో 800, 1500 రెండూ గెలిచిన న్యూజిలాండ్ రన్నర్ పీటర్ స్నెల్‌తో ఆయన కోచ్ ఆర్థర్ లిడియార్డ్ ఆదివారాల్లో కొండదారుల్లో 35 కిలోమీటర్లు పరిగెత్తించేవాడు. మీరు 35 పరిగెత్తాలని కాదు. రెండు నిమిషాల్లోపు ముగిసే పోటీ కోసం అంత పెద్దవాళ్లు కూడా నెలల తరబడి నెమ్మది పరుగే చేశారని చెప్పడానికి ఈ మాట.

ఇది 8వ తరగతి నుంచి పీయూసీ (ఇంటర్) దాకా చదువుతూ, కనీసం ఒక సీజన్ పరిగెత్తినవాళ్ల కోసం. 600 మీటర్లు పరిగెత్తే అండర్-14 పిల్లలు ఇక్కడ చెప్పిన నిమిషాల్లో సగం నుంచి మూడింట రెండు వంతులు చేస్తే చాలు. పరిగెత్తేటప్పుడు ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండె ఆగి చనిపోయి ఉన్నా ముందు డాక్టర్‌కి చూపించుకోండి. ఉబ్బసం ఉన్నవాళ్లు పరిగెత్తవచ్చు, కానీ ఇన్‌హేలర్ జేబులో ఉండాలి.

ఏమేం కావాలి

ఒక జత మంచి రన్నింగ్ షూస్. డబ్బు పెట్టాల్సింది దీని మీదే. స్కూల్ యూనిఫామ్‌తో ఇచ్చే తెల్ల కాన్వాస్ బూట్లతో ఈ ప్లాన్ మొదలుపెట్టకండి, పిక్కలూ మడమలూ ఊరుకోవు. సాయంత్రం పూట, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు వెళ్లి కొనండి. బొటనవేలి ముందు ఒక వేలి మందం ఖాళీ ఉండాలి. 500 నుంచి 800 కిలోమీటర్ల తర్వాత షూ అడుగు మెత్తదనం చచ్చిపోతుంది, పైకి కొత్తగా కనిపించినా సరే.

స్టాప్‌వాచ్ ఉన్న ఏ చేతి గడియారమైనా చాలు, జీపీఎస్ అక్కర్లేదు. నిజానికి మొదటి రెండు నెలలు అది లేకపోతేనే మేలు. ఒక నోట్‌బుక్, ఒక స్కిప్పింగ్ తాడు, ఇంట్లో మెట్లు. వీలైతే తోడుగా ఒకరు.

ఇక స్థలం. కంఠీరవ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ ఉంది కానీ రోజూ అక్కడికి వెళ్లాల్సిన పని లేదు. ఈ ఆరు నెలల్లో మట్టి, గడ్డి ఎక్కువ దొరికే చోటే మంచిది. కబ్బన్ పార్క్ లోపలి రోడ్ల మీద ఆదివారాలు వాహనాలు ఉండవు, పొడవు పరుగుకి అంతకన్నా సుఖమైన చోటు ఊరి మధ్యలో దొరకదు. బసవనగుడి, జయనగర్ వైపు వాళ్లకి లాల్‌బాగ్, హెచ్ఎస్ఆర్ వాళ్లకి అగర చెరువు గట్టు, హెబ్బాళ్ వైపు జీకేవీకే క్యాంపస్, కెంగేరి వైపు జ్ఞానభారతి క్యాంపస్. క్యాంపస్‌లకైతే వెళ్లే ముందు గేటు దగ్గర అడగండి. ఇవేవీ దగ్గర్లో లేకపోతే స్కూల్ గ్రౌండే. ఒకే వైపు తిరగకుండా సగం సేపు అటు, సగం సేపు ఇటు తిరగండి, లేకపోతే చీలమండ, మోకాలు ఒకవైపే అరుగుతాయి.

"బెంగళూరు ఎత్తులో ఉంది కదా, అదే ఆల్టిట్యూడ్ ట్రైనింగ్ అవుతుందా?" అని ఒక నాన్న ఎప్పుడూ ఉంటాడు. అవదు. ఈ ఊరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. మన జాతీయ జట్టు క్యాంపులు పెట్టిన ఊటీ 2,200 మీటర్ల పైన. ఇక్కడ దొరికే లాభం చల్లని ఉదయాలు, అంతే. అది కూడా తక్కువేం కాదు.

1. ముందు రెండు వారాలు పరుగు ఆపేయండి

పూర్తిగా. ఈత, సైకిల్, షటిల్, గల్లీ క్రికెట్ ఏదైనా ఆడుకోండి. రెండు వారాల్లో పోయే దమ్ము మొదటి నెలలోనే తిరిగొస్తుంది. సీజన్‌లో ఎక్కడైనా నొప్పి మొదలై ఉంటే, అది పోయేదాకా పరుగు మొదలుపెట్టకండి. రెండు వారాలు కాస్తా నాలుగైనా సరే.

2. వారానికి నాలుగు రోజులతో మొదలుపెట్టండి

మంగళ, గురు, శని, ఆదివారాలు అనుకుందాం. మూడు రోజులు 20 నిమిషాలు, ఆదివారం 30. మొత్తం 90 నిమిషాలు. కిలోమీటర్లు లెక్కపెట్టకండి. కిలోమీటర్లు లెక్కపెట్టే పిల్లలు దాన్ని తొందరగా ముగించాలని చూస్తారు, నిమిషాలు లెక్కపెట్టేవాళ్లకి ఆ తొందర ఉండదు.

వారానికి మొత్తం మీద 10 నిమిషాలు పెంచండి. మూడు వారాలు పెంచి, నాలుగో వారం మూడో వంతు తగ్గించండి. తగ్గించిన ఆ వారం తర్వాత, అంతకు ముందు ఆపిన చోటు నుంచి మళ్లీ మొదలు. ఫిబ్రవరి చివరికి వారానికి ఐదు రోజులు, 140 నుంచి 150 నిమిషాలు వస్తే చక్కగా సాగుతున్నట్టే. ఒక వారం జ్వరమో, పెళ్లో వచ్చి పోతే, పోయిన నిమిషాలను తర్వాతి వారంలో కలపకండి. పోయింది పోయినట్టే వదిలేయండి.

3. నెమ్మదిగా అంటే నిజంగా నెమ్మదిగా

ఈ మొత్తంలో అందరూ తప్పేది ఇక్కడే, కాబట్టి కాస్త ఎక్కువ సేపు ఆగుదాం.

పక్కన పరిగెత్తే వాడికి నిన్న క్లాసులో జరిగింది పూర్తి వాక్యాల్లో చెప్పగలగాలి. ఒంటరిగా ఉంటే పదమూడో ఎక్కం పైకి చెప్పుకోండి. "పదమూడు ఆర్లు" దగ్గర ఊపిరి కోసం ఆగాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టే. ఎక్కం గుర్తు రాక ఆగితే అది వేరే సంగతి.

అంకెల్లో కావాలంటే: 1500ని 5 నిమిషాలకు ముగించే అబ్బాయికి ఈ పరుగు కిలోమీటర్‌కి 5:30 నుంచి 6:15 మధ్య ఉంటుంది. 5:45కి ముగించే అమ్మాయికి 6:15 నుంచి 7:00. మొదటి వారాల్లో ఇంకా నెమ్మదైనా ఏం కాదు. చెరువు గట్టు మీద చురుగ్గా నడిచే అంకుల్స్ మిమ్మల్ని చూసి "ఏం బాబూ, ఇంతేనా" అంటారు. అననివ్వండి.

మరి వేగంగా పరిగెత్తితే నష్టమేంటి? ప్రతి రోజూ సగం పోటీలాగా పరిగెత్తితే శరీరం కోలుకోదు. కోలుకోకపోతే నిమిషాలు పెరగవు. మూడో వారానికి మోకాలి కిందో, పిక్కలోనో నొప్పి మొదలవుతుంది. ఇంకో విషయం, ఇద్దరు ముగ్గురు కలిసి పరిగెత్తితే చివరి ఐదు నిమిషాలు రేసుగా మారిపోతుంది. మొదటి రోజే మాట అనుకోండి: గుంపులో అందరికన్నా నెమ్మదిగా పరిగెత్తేవాళ్లే వేగం నిర్ణయిస్తారు.

వేగం సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష. పరుగు ముగిశాక, "ఇంకో పది నిమిషాలు ఇదే వేగంతో వెళ్లగలనా?" అని మిమ్మల్ని మీరే అడగండి. జవాబు వెంటనే 'ఓ' అని రావాలి. ఆలోచించాల్సి వస్తే రేపు ఇంకాస్త తగ్గించండి.

నాన్నలకు ఒక మాట: స్కూటర్ మీద వెనకాలే వస్తూ ల్యాప్ టైమ్‌లు అరవకండి. మీరు పక్కన ఉంటే పిల్లలు నెమ్మదిగా పరిగెత్తలేరు. గేటు దగ్గర కూర్చుని పేపర్ చదువుకోండి.

4. వేగం మరిచిపోకుండా స్ట్రైడ్స్, తర్వాత ఎత్తు

నెమ్మది పరుగు ఒక్కటే చేస్తే కాళ్లు మొద్దుబారతాయన్న భయం కొంత నిజమే. దానికి మందు వారానికి రెండుసార్లు, నెమ్మది పరుగు ముగిసిన వెంటనే గడ్డి మీద 80 మీటర్ల స్ట్రైడ్స్ నాలుగు. మొదటి 20 మీటర్లు వేగం పెంచుకుంటూ, మధ్యలో దాదాపు 800 పోటీ వేగంతో, చివర్లో వదిలేస్తూ. తిరిగి రావడం నడకే. ఊపిరి పూర్తిగా కుదుటపడ్డాకే తర్వాతది. పళ్లు బిగించి, భుజాలు ఎగరేసి పరిగెత్తితే అది స్ట్రైడ్ కాదు, స్ప్రింట్. ఎవరితోనైనా ఫోన్‌లో పక్క నుంచి వీడియో తీయించి చూడండి: దవడ వదులుగా ఉందా, చేతులు ఛాతీకి అడ్డంగా తిరగకుండా ముందుకీ వెనక్కీ ఊగుతున్నాయా, పాదం శరీరం కిందే పడుతోందా లేక బాగా ముందుకు చాచి వేస్తున్నారా.

నాలుగు వారాలు ఇలా గడిచాక, రెండింటిలో ఒక రోజు ఎత్తు మీద చేయండి. ఎక్కువ నిటారుగా లేని ఏటవాలు, 8 సెకన్లు గట్టిగా పైకి, నడుచుకుంటూ కిందికి, రెండు నిమిషాలు విశ్రాంతి. నాలుగుతో మొదలుపెట్టి ఆరు దాకా. బెంగళూరులో ఏటవాలు రోడ్లకు కొదవ లేదు, బండ్లు రాని వీధి దొరకడమే కష్టం. లాల్‌బాగ్ బండ మీద చేద్దామనిపిస్తుంది, కానీ తడిగా ఉన్నప్పుడు అది జారుతుంది, పైగా నడిచేవాళ్లు ఎక్కువ. పార్కు దారిలోని మట్టి ఎత్తు చాలు. ఎత్తు దొరకకపోతే ఇంటి మెట్లు ఒక్కొక్కటిగా 8 సెకన్లు. దిగేటప్పుడు మాత్రం రెయిలింగ్ పట్టుకుని నడవండి.

5. వారానికి రెండుసార్లు, 20 నిమిషాలు కాళ్లకూ నడుముకూ

జిమ్ అక్కర్లేదు. స్క్వాట్స్ (గుంజీల్లా కూర్చుని లేవడం) 12, లంజెస్ (ఒక కాలు ముందుకేసి మోకాళ్లు వంచి లేవడం) ఒక్కో కాలికి 8, మెట్టు అంచున నిలబడి మడమలు పైకెత్తి దించడం 15, వెల్లకిలా పడుకుని తుంటి పైకెత్తడం 12, ప్లాంక్ (బోర్లా, మోచేతులూ కాలివేళ్ల మీద ఒళ్లు నిటారుగా నిలపడం) 30 సెకన్లు, పక్కకి ప్లాంక్ ఒక్కోవైపు 20 సెకన్లు. ఇది ఒక రౌండు, రెండు రౌండ్లు చేయండి. తర్వాత స్కిప్పింగ్ 30 సెకన్ల చొప్పున మూడుసార్లు. పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడండి, ఉదయం కుడి, రాత్రి ఎడమ.

స్క్వాట్, లంజ్ అద్దం ముందు చేయండి. మోకాలు లోపలికి వాలిపోతుంటే ఎన్ని చేశారన్నది వదిలేసి, కిందికి తక్కువ దిగుతూ మోకాలిని కాలి రెండో వేలి వరుసలో ఉంచడం నేర్చుకోండి. అమ్మాయిల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. మడమలు దించేటప్పుడు మూడు అంకెలు లెక్కపెట్టండి, పిక్కకి బలం వచ్చేది ఆ దించడంలోనే.

బరువులు ఎత్తితే ఎదుగుదల ఆగిపోతుందని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. సరైన పద్ధతి నేర్పే మనిషి పక్కనుంటే అలాంటిదేమీ జరగదు. కానీ పైన చెప్పినవి ఎనిమిది వారాలు శుభ్రంగా చేయలేని వాళ్లకి బరువుల అవసరం ఇంకా రాలేదు.

6. ఆదివారం పొడవు పరుగు

మొదట్లో వారంలో మిగతా రోజులకన్నా పది, పదిహేను నిమిషాలు ఎక్కువ. 30తో మొదలై మే నెలకి 55, 60 నిమిషాలకి చేరితే చాలు. హైస్కూల్‌లో అంతకు మించి అక్కర్లేదు. వేగం మూడో అంచెలో చెప్పినదే.

బెంగళూరులో దాదాపు ప్రతి ఆదివారం ఎక్కడో ఒకచోట 10కే (పది కిలోమీటర్ల పరుగు) ఉంటుంది, టీ-షర్ట్ ఇస్తారు, మెడల్ ఇస్తారు. ఆరు నెలల్లో ఒకటి సరదాకి పరిగెత్తండి, స్నేహితులతో మాట్లాడుకుంటూ. నెలకి రెండు పరిగెత్తి ఆదివారం అలసట బుధవారం దాకా మోస్తే, మధ్యలో రోజులన్నీ వృథా.

7. పరీక్షల నెలలో

ఫిబ్రవరి, మార్చిలో సీబీఎస్ఈ, మార్చి, ఏప్రిల్‌లో ఎస్ఎస్ఎల్‌సీ. పదో తరగతి పిల్లలు ఈ సమయంలో పరుగు పూర్తిగా ఆపేస్తారు, లేదా ఇంట్లో ఆపించేస్తారు. రెండూ వద్దు. వారానికి మూడు రోజులు, 25 నిమిషాలు, ఒక రోజు నాలుగు స్ట్రైడ్స్. వచ్చిన దమ్ములో ఎక్కువ భాగం దీంతో నిలుస్తుంది. చదువు మధ్యలో సాయంత్రం 25 నిమిషాలు బయటికెళ్లి వస్తే టెన్షన్ తగ్గి రాత్రి నిద్ర కూడా పడుతుంది. పరీక్షకి ముందు రోజు మానేసినా నష్టం లేదు. పరీక్షల కోసం రాత్రి రెండింటి దాకా మేలుకుని ఉదయం ఐదింటికి పరుగుకి లేవడం మాత్రం చేయకండి. అలాంటి రోజు నిద్రే ట్రైనింగ్.

8. ఏప్రిల్, మే: అసలు పని ఇప్పుడే, ఎండతో జాగ్రత్త

సెలవుల్లో సమయం ఉంటుంది, ఎండా ఉంటుంది. బెంగళూరులోనే ఏడింటికల్లా చురుక్కుమంటుంది. ఉదయం ఆరులోపు మొదలుపెట్టండి. సాయంత్రం పరిగెత్తేవాళ్లు మబ్బు చూసుకోండి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఇక్కడ ఉరుములతో వాన పడుతుంది. ఉరుము వినిపిస్తే మైదానం వదిలి భవనంలోకి వెళ్లండి, చెట్టు కిందికి కాదు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి.

ఏప్రిల్ మొదటి వారం 120, 130 నిమిషాలతో మళ్లీ మొదలుపెట్టి, రెండో అంచెలోని లెక్క ప్రకారమే పెంచుతూ వెళ్లండి. మే చివరికి 170, 180కి చేరితే బాగున్నట్టు, 200కి మించొద్దు. మే మొదటి వారం నుంచి వారానికి ఒక రోజు మాత్రం కొంచెం వేగం కలపండి: పది నిమిషాలు నెమ్మదిగా, తర్వాత 5 నిమిషాలు 'మూడు నాలుగు మాటలే అనగలను' అనిపించే వేగంతో మూడుసార్లు, మధ్యలో 90 సెకన్ల జాగింగ్, చివర్లో పది నిమిషాలు నెమ్మదిగా. మూడో 5 నిమిషాల్లో మొదటిదానికన్నా తక్కువ దూరం వెళ్తే, మొదటిది ఎక్కువ వేగంతో పరిగెత్తారని అర్థం. వచ్చేవారం తగ్గించి మొదలుపెట్టండి.

ఇక సెలవులంటే అమ్మమ్మ ఊరు. అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు వెళ్లే పిల్లలు చాలామంది. అక్కడ మే నెలలో 40 డిగ్రీలు దాటుతుంది. బెంగళూరు చల్లదనానికి అలవాటైన శరీరానికి ఆ ఎండ కొత్త. మొదటి వారం నిమిషాలు సగానికి తగ్గించండి, వేగంగా చేసే ఆ ఒక్క రోజూ మానేయండి. తెల్లవారుజామున ఐదున్నరకు, చెరువు గట్టు మీదో పొలాల మధ్య మట్టి రోడ్డు మీదో పరిగెత్తి ఎండ పడకముందే ఇంటికి చేరండి. వెళ్లే ముందు ఒక గ్లాసు నీళ్లు, వచ్చాక ఉప్పేసిన మజ్జిగ. పరిగెత్తుతుండగా చలి పుట్టినా, తల తిరిగినా, చెమట ఆగిపోయినా, మాట తడబడినా వెంటనే నీడకి చేరండి. తడిగుడ్డ చుట్టి, విసురుతూ ఒళ్లు చల్లబరచాలి. మనిషి తికమకగా మాట్లాడుతుంటే నీళ్లు తాగించే ప్రయత్నం చేయకుండా చల్లబరుస్తూనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కుక్కల సంగతి ఇక్కడైనా అక్కడైనా ఒకటే. గుంపు కనిపిస్తే పరుగు ఆపి నడవండి, కళ్లలోకి చూడకండి, వెనక్కి తిరిగి పరిగెత్తకండి. కరిచినా, పన్ను గీసుకున్నా సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకాకి వెళ్లండి. పసుపు, కారం అద్దడం వద్దు. చీకట్లో పరిగెత్తేటప్పుడు లేతరంగు బట్టలు వేసుకోండి, ఇయర్‌ఫోన్స్ ఇంట్లో వదిలేయండి, ఏ దారిన వెళ్తున్నారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

9. తిండి, నిద్ర

13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఐదున్నరకు లేవాలంటే తొమ్మిదిన్నరకు పడుకోవాలి. ట్యూషన్ తొమ్మిదింటికి ముగిసే పిల్లలు ఉదయం పరుగు పెట్టుకోకుండా సాయంత్రం చూసుకోవడం మేలు.

అరగంట పరుగుకి ముందు ఏమీ తినకపోయినా పర్వాలేదు, ఆకలేస్తే అరటిపండు. వచ్చిన గంటలోపు కడుపునిండా టిఫిన్: పెసరట్టు, ఇడ్లీ-సాంబార్, పల్లీలేసిన ఉప్మా, గుడ్లు తినేవాళ్లకి రెండు గుడ్లు. రాగి సంకటి మనకీ ఈ ఊరికీ ఉమ్మడి ఆస్తి, మధ్యాహ్నం పప్పుతో తినండి. సాయంత్రం గుగ్గిళ్లు, పల్లీ చిక్కీ. సన్నబడితే వేగం పెరుగుతుందని తిండి తగ్గించడం ఈ వయసులో ఎముకలకు చేటు.

తోటకూర, పాలకూర మీద నిమ్మకాయ పిండుకోండి, ఐరన్ బాగా ఒంటబడుతుంది. భోజనంతో పాటు కాఫీ, టీ తాగితే తక్కువ ఒంటబడుతుంది, కాబట్టి గంట ఆగి తాగండి. నెమ్మది పరుగు కూడా భారంగా అనిపించి, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) కూడా చూపించుకోండి. హిమోగ్లోబిన్ సరిగానే ఉన్నా ఫెరిటిన్ అడుగంటి ఉండొచ్చు, అమ్మాయిల్లో ఇది మరీ మామూలు. డాక్టర్ చెప్పకుండా ఐరన్ మాత్రలు మాత్రం వేసుకోవద్దు. నెలసరి వరసగా మూడు నెలలు రాకపోతే "పరిగెత్తే పిల్ల కదా, మామూలే" అనుకోకండి, అది మామూలు కాదు. అమ్మతో చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ప్రొటీన్ పౌడర్, ప్రీ-వర్కౌట్ డబ్బాలు వద్దు. లేబుల్ మీద రాయని నిషేధిత పదార్థాలు సప్లిమెంట్లలో దొరికిన సందర్భాలున్నాయి. డోప్ పరీక్షలో దొరికితే "తెలియదు" అన్న మాట పనికిరాదు.

10. నొప్పి వస్తే

రెండు రకాలు. కండరం అంతటా పట్టేసినట్టుండి, వార్మప్‌తో తగ్గి, మర్నాటికి పోయేది: నడిచే తీరు మారనంత వరకు నెమ్మదిగా కొనసాగించవచ్చు. ఎముక మీద ఒక్క వేలితో "ఇదిగో ఇక్కడే" అని చూపించగలిగేది, ఆ కాలి మీద గెంతితే పొడిచేది, రాత్రి పడుకున్నా ఉండేది: ఆ రోజే ఆపాలి. మోకాలి కింద ముందువైపు ఎముకలో ఇలా ఉంటే సన్నని పగులు కావచ్చు. ఆర్థోపెడిక్ డాక్టర్ చూడాలి. మొదట్లో ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు కాబట్టి, ఎక్స్‌రే బాగుందని మర్నాడే పరిగెత్తకండి.

ఎత్తు పెరిగే వయసులో మోకాలి చిప్ప కింద గడ్డలా లేచి నొప్పి పెట్టడం, మడమ వెనక నొప్పి కూడా మామూలే. ఎముక ఎదిగే చోటును కండరం లాగడం వల్ల వచ్చేవి ఇవి. గెంతడం, ఎత్తు పరుగు ఆపి, నిమిషాలు తగ్గించి, ఒకసారి డాక్టర్‌కి చూపించుకోండి. స్ప్రే కొట్టుకుని పరిగెత్తడం దేనికీ మందు కాదు. ఆపాల్సి వచ్చిన రోజుల్లో, నొప్పి లేకుండా చేయగలిగితే సైకిల్ గానీ ఈత గానీ అన్నే నిమిషాలు చేయండి.

11. పని జరుగుతోందా లేదా, ఎలా చూసుకోవాలి

ఉదయం లేవగానే, మంచం మీదే, నాడి ఒక నిమిషం లెక్కపెట్టి రాయండి. వారం రోజుల సగటు మీ అంకె. వరసగా రెండు రోజులు అది 8, 10 ఎక్కువగా ఉంటే ఆ రోజు పరుగు మానేయండి, జ్వరం రాబోతున్నా, నిద్ర చాలకపోయినా అలా పెరుగుతుంది.

నెలకి ఒకసారి, తగ్గించిన వారం చివర్లో, ట్రాక్ మీద ఈ పరీక్ష చేయండి. పది నిమిషాలు వార్మప్. తర్వాత ఒకటో లేన్‌లో ఆరు రౌండ్లు, అంటే 2400 మీటర్లు, చిన్న చిన్న వాక్యాలు మాట్లాడగలిగే వేగంతో. ఆగిన వెంటనే 15 సెకన్లు నాడి చూసి నాలుగుతో గుణించండి. నిమిషం తర్వాత మళ్లీ. టైమ్, రెండు అంకెలూ రాసుకోండి. ఇది పోటీ కాదు. నాడి ఇంచుమించు అంతే ఉండి టైమ్ తగ్గుతుంటే, లేదా అదే టైమ్‌కి నాడి తగ్గుతుంటే, దమ్ము పెరుగుతోంది. టైమ్ తగ్గి నాడి కూడా పెరిగిందంటే మీరు గట్టిగా పరిగెత్తారంతే, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ప్రతిసారీ అదే ట్రాక్, అదే సమయం, అవే షూస్. వాకర్స్ ఉన్నారని ఎనిమిదో లేన్‌లో పరిగెత్తితే ఒక్కో రౌండు దాదాపు 454 మీటర్లు అవుతుంది, ఆ అంకెను పాతదానితో పోల్చకూడదు. స్కూల్ మట్టి ట్రాక్ అయితే ఒకసారి టేపుతో కొలవండి, 200 అని చెప్పుకునేవి చాలా ఉంటాయి, ఉన్నవి తక్కువ.

రెండు నెలలైనా అంకె కదలకపోతే ముందు నిద్ర చూడండి, తర్వాత మూడో అంచె మళ్లీ చదవండి. ఎక్కువసార్లు కారణం ఆ రెండింటిలోనే దొరుకుతుంది. నిమిషాలు పెంచడం చివరి మాట.

12. జూన్‌లో పీటీ సార్ చేతికి

స్కూల్ తెరిచాక మొదటి వారం, నోట్‌బుక్ తీసుకెళ్లి పీటీ సార్‌కో కోచ్‌కో చూపించండి. ఆరు నెలలు ఏం చేశారో తెలియకపోతే ఆయన అందరితో పాటు మొదటి రోజే పది 400లు కొట్టిస్తారు. తెలిస్తే మీకు సరిపడా ఇస్తారు. ఆయన 400లు మొదలుపెట్టిన వారం నుంచి మీ నెమ్మది పరుగుల నిమిషాలు ఐదో వంతు తగ్గించండి, ఆదివారం పొడవు పరుగు మాత్రం ఉంచుకోండి. స్పైక్స్ మొదటి రోజు నాలుగు స్ట్రైడ్స్‌కి మాత్రమే వేసుకోండి, మిగతాదంతా మామూలు షూస్‌తోనే. మర్నాడు ఉదయం మెట్లు దిగేటప్పుడు పిక్కలు ఎలా ఉన్నాయో చూసుకుని, తర్వాతి వారం ఇంకో రెండు కలపండి.